అన్నీ మొదలుపెట్టి ఏదీ ముగించకపోతే: మన ప్రాజెక్టుల చరిత్ర చెప్పే లెక్క



ఇది కొంచెం పెద్ద పోస్టు. పొలం పని అయ్యాక తీరిగ్గా కూర్చుని చదవండి. సగం చదివి ఏ పార్టీ వాడో అనుకోబాకండి. ఇందులో అన్ని పార్టీల ప్రభుత్వాలూ ఉన్నాయి, తెల్లదొరల కాలం కూడా ఉంది.

వచ్చే ఆదివారం మన రైతు సంఘం మీటింగు. అజెండా కాయితం నిన్న నా చేతికొచ్చింది. అందులో ఏడు పనులు రాశారు. విత్తనాల షాపు, ట్రాక్టరు రోటావేటరు బాడుగకు ఇవ్వడం, కంది పప్పు మిల్లు, మిరప ఆరబెట్టే కళ్లం, పాల సేకరణ కేంద్రం, మందు కొట్టే డ్రోను, ఇంకా పోయినేడాది మొదలుపెట్టి స్లాబు దాకా లేపి ఆపేసిన గోడౌను. సంఘం ఖాతాలో ఉన్నది పదకొండు లక్షలు. పనిచేసే మనిషి ఒక్క కుర్రాడు, లెక్కలు రాసేదానికి వారానికి రెండు రోజులు వచ్చే ఇంకో ఆయన. ఏడు పనులూ మంచివే. ఒక్కటి కూడా వద్దనడానికి నాకు నోరు రాలేదు. అయినా ఆ కాయితం చూస్తే రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఇట్లాంటి కాయితం మన రాష్ట్రం ఇంతకుముందు చాలాసార్లు రాసింది. దాని ఫలితం మన పొలాల పక్కనే పడి ఉంది. మా ఊరి పక్క కూడా ఒక కాలువ తవ్వారు. ఏ ప్రాజెక్టుదో పేరు వద్దులెండి. దాని కింద మాది ఎకరంన్నర పోయింది. పరిహారం ఇచ్చారు, కాదనను. కాలువ తవ్వారు, గట్లు పోశారు. ఊరి అవతల వాగు మీద కట్టాల్సిన అక్విడక్టు మాత్రం కట్టలేదు. అటు పక్కా కాలువ ఉంది, ఇటు పక్కా కాలువ ఉంది, మధ్యలో వాగు ఉంది. ఇప్పుడు ఆ కాలువలో సర్కారు తుమ్మ తప్ప ఏం లేదు. మా నాయన ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఆ గట్టు మీద నిలబడి చూసి వచ్చేవాడు. చుక్క నీళ్లు చూడకుండానే పోయాడు.

డబ్బుల్లేక ఆగిందని అందరం అనుకున్నాం. కొన్నాళ్లకు చదవడం మొదలుపెట్టాక తెలిసింది, డబ్బుల్లేక కాదు, ఉన్న డబ్బుల్ని చాలా చోట్ల చల్లడం వల్ల ఆగిందని. ఆ చరిత్రే ఇప్పుడు చెప్తాను.

ముందు గోదావరి సంగతి. 1833 ప్రాంతంలో గుంటూరు కరువు, తర్వాత గోదావరి జిల్లాల్లో తుఫాన్లు, వరదలు. పక్కన అంత నది పోతున్నా జనం తిండి లేక చచ్చిపోయారు. ఆర్థర్ కాటన్ దొర వచ్చి చూసి, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని కంపెనీ ప్రభుత్వానికి రాశాడు. 1847లో పని మొదలైంది. అక్కడ నది లంకల మధ్య పాయలుగా చీలి ఉంటది కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. రాయి పక్కనున్న కొండ నుంచే తెచ్చారు. వేల మంది కూలీలు ఒకే చోట పనిచేశారు. 1852కి ఆనకట్ట అయిపోయింది. అంటే అయిదేళ్లు. అప్పుడు జేసీబీ లేదు, టిప్పర్లు లేవు, సిమెంటు కూడా మనం వాడేది కాదు.

ఇంకో సంగతి గమనించండి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది 1852లో. గోదావరి ముగిసే వేళకు కృష్ణ మొదలైంది, 1855కి అదీ అయిపోయింది. ఎనిమిదేళ్లలో రెండు నదులు. కంపెనీ వాళ్లు మన మీద ప్రేమతో కట్టలేదు, శిస్తు కోసం కట్టారు. అది వేరే మాట. శిస్తు రావాలంటే నీళ్లు పారాలి, నీళ్లు పారాలంటే పని ముగియాలి. ముగించడంలోనే వాళ్ల లాభం ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తది.

అదే కాటన్ దొర పేరు మీద ఇంకో కథ ఉంది, దాన్ని మన పుస్తకాల్లో తక్కువ చెప్తారు. రెండు ఆనకట్టలు బాగా పలికేసరికి ఆశ పెరిగింది. తుంగభద్ర నుంచి బళ్లారి, కర్నూలు, కడప మీదుగా నెల్లూరు దాకా పెద్ద కాలువల వల వేద్దామనుకున్నారు. నీళ్లూ పారతాయి, పడవలూ నడుస్తాయి. దానికి మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని లండన్‌లో షేర్లు అమ్మారు. పది లక్షల పౌన్ల మీద ఏడాదికి అయిదు శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ కూడా ఇచ్చింది. చివరికి ఆ పెద్ద పటంలో తయారైంది ఒక్క ముక్క. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కె.సి. కెనాల్. డబ్బంతా దానికే చాలలేదు, మళ్లీ అప్పు చేశారు. తవ్విన కాలువకు కూడా మొదట్లో రైతులు పెద్దగా నీళ్లు తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునేవాళ్లకు ఆ నీళ్లతో అప్పుడు అవసరం పడలేదు. కంపెనీ నష్టాల్లో పడితే 1882లో ప్రభుత్వమే కొనేసింది. పటం గీసేటప్పుడు ఎంత పెద్దగా గీసినా ఖర్చు కాదు. తవ్వేటప్పుడే తెలుస్తది.

ఇక మన స్వతంత్రం వచ్చాక. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. యంత్రాలు కొనే స్తోమత అప్పుడు దేశానికి లేదు. రాతితో, సున్నంతో, సిమెంటుతో, వేల మంది మనుషుల చేతులతో కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. గేట్ల పని ఆ తర్వాత కూడా సాగింది, చివరి భూములకు నీళ్లు రావడానికి ఇంకా ఆలస్యమైంది. అయినా పన్నెండేళ్లు నిండకుండానే కాలువలో నీళ్లు పారాయి.

సాగర్ ఇంకా సగంలో ఉండగానే 1963 జులైలో శ్రీశైలానికీ పోచంపాడుకీ రెండింటికీ శంకుస్థాపన అయింది. రెండు రోజుల తేడాతో. రెండూ కావాల్సినవే. శ్రీశైలంలో మొదటి కరెంటు పుట్టింది 1982లో, అంటే దాదాపు ఇరవై ఏళ్లకు. పోచంపాడు, అదే శ్రీరాంసాగర్, కాకతీయ కాలువ చివరి ఆయకట్టు దాకా నీళ్లు పోవడానికి దశాబ్దాలు పట్టింది. దీనికి కారణం ఒక్కటే అని నేను చెప్పను. 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, ఆ వెంటనే రెండేళ్లు వరసగా వానల్లేవు, పంచవర్ష ప్రణాళికే మూడేళ్లు ఆపుకోవాల్సి వచ్చింది. డబ్బు కరువైన కాలం అది. కానీ డబ్బు కరువైనప్పుడు మూడు పొయ్యిలు వెలిగిస్తే మూడింటి మీదా అన్నం ఉడకదు గదా.

ఇది మన రాష్ట్రం జబ్బే కాదు, దేశమంతా ఉంది. ప్రతి ప్రణాళికలో కొత్త ప్రాజెక్టులు మొదలుపెట్టడం, పాతవి తర్వాతి ప్రణాళికలోకి నెట్టడం. 1996-97కి పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, సగంలో ఆగిన ప్రాజెక్టులను ముగించడానికే కేంద్రం వేరే పథకం పెట్టింది. సత్వర సాగునీటి ప్రయోజన పథకం అని. పేరులోనే సత్వరం ఉంది. ఉద్దేశం చాలా బాగుంది: దాదాపు పూర్తయిన వాటికి ముందు డబ్బిచ్చి తొందరగా ముగించాలి.

ఏమైందో చూడండి. ప్రతి రాష్ట్రమూ మాదీ చేర్చండి, మాదీ చేర్చండి అంది. ముగింపు కోసం పుట్టిన పథకంలోకే దేశం మొత్తం మీద 297 ప్రాజెక్టులు చేరాయి. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత లెక్క తీస్తే 143 అయ్యాయి, 5 మధ్యలో మూసేశారు, 149 ఇంకా నడుస్తూనే ఉన్నాయి. జబ్బుకి మందు తెస్తే మందుకీ అదే జబ్బు పట్టింది.

ఇప్పుడు మనందరికీ తెలిసిన జలయజ్ఞం. 2004లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం మొదలుపెట్టింది. అప్పటికి వరసగా కరువులు, బోర్లు ఎండి అప్పుల్లో పడి రైతులు ప్రాణాలు తీసుకుంటున్న రోజులు. నీళ్లు కావాలన్న ఆరాటంలో అబద్ధం లేదు. మొదట 26 ప్రాజెక్టులు అన్నారు, 8 రెండేళ్లలో, 18 అయిదేళ్లలో. అది పెరిగి పెరిగి 86 అయ్యింది. భారీవి 44, మధ్యతరహావి 30, వరద కట్టలు 4, పాత కాలువల ఆధునికీకరణ 8. మొత్తం అంచనా 1.86 లక్షల కోట్లు. కొత్తగా 97 లక్షల ఎకరాల పైన తడపాలని లక్ష్యం.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. రాష్ట్రం ఏడాదికి 15 వేల కోట్లు నీటిపారుదలకే పెట్టిందనుకోండి. అది కూడా మామూలు డబ్బు కాదు. అయినా 1.86 లక్షల కోట్లు ఖర్చు పెట్టడానికి పన్నెండేళ్లు దాటుతుంది. అదీ సిమెంటు రేటు, డీజిలు రేటు, భూమి రేటు ఒక్క పైసా పెరగకుండా ఉంటే. అయిదేళ్లలో ముగుస్తుందన్న మాట కాయితం మీద కూడా కుదరదు. ఈ లెక్కకు ఇంజనీరు అక్కర్లేదు, మన ఇంట్లో చిట్టీల లెక్క చూసే ఆడోళ్లు చాలు.

2012లో కాగ్ వాళ్లు జలయజ్ఞం మీద పెద్ద రిపోర్టు ఇచ్చారు. అప్పటికి 86లో పావు వంతు కూడా పూర్తి కాలేదు. భూసేకరణ కాకుండా, అటవీ అనుమతులు రాకుండా, వివరంగా సర్వే లేకుండా పనులు అప్పగించారని అందులో రాశారు. ఫలితమే లేదని నేను అనను. కొన్ని ప్రాజెక్టుల కింద నీళ్లు పారాయి, పారుతున్నాయి. ఆ రోజున మొదలుపెట్టకపోతే ఈ రోజుకి ఈ మాత్రం కూడా ఉండేది కాదనే అన్నలు ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. నేనడిగేది ఒక్కటే. అదే డబ్బు, అదే ఇంజనీర్లు, అదే ఏళ్లు వరస ప్రకారం పెట్టి ఉంటే ఎన్ని ఊళ్లకు ఎంత ముందు నీళ్లొచ్చేవి?

ఎక్కువ పనులు ఒకేసారి పెట్టుకుంటే ఎందుకు నష్టమో, మన భాషలో చెప్తాను.

ఒకటి. మూడు పనులున్నాయి అనుకోండి. ఒక్కోదానికి నాలుగు లక్షలు కావాలి. మనకు ఏడాదికి వచ్చేది నాలుగు లక్షలే. ప్రతి పనీ ముగిశాక ఏడాదికి లక్ష మిగులుస్తది. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే మొదటి ఏడాది చివర మొదటిది, రెండో ఏడాది చివర రెండోది, మూడో ఏడాది చివర మూడోది అయిపోతాయి. ఈ మూడేళ్లలోనే మొదటిది రెండు లక్షలు, రెండోది ఒక లక్ష ఇచ్చాయి. మూడు లక్షలు చేతికొచ్చాయి. మూడూ కలిపి మొదలుపెట్టి డబ్బు సమానంగా పంచితే మూడూ మూడో ఏడాది చివరే అవుతాయి. మధ్యలో రూపాయి రాదు. ఇందులో వింత ఏందంటే, వరస పద్ధతిలో ఆఖరున ఉన్నవాడు కూడా నష్టపోలేదు. వాడిది ఎట్లా చేసినా మూడో ఏడాది చివరే. కలిపి మొదలుపెట్టడం వల్ల ముందు వాళ్లకు ఆలస్యమైందే గానీ వెనక వాడికి ముందు రాలేదు. వాడికి దక్కింది శిలాఫలకం ఒక్కటే.

రెండు. ప్రాజెక్టు అంటే ఎకరం కోసినట్టు కాదు, ఎంత కోస్తే అంత ఇంటికి రావడానికి. నూటికి తొంభై పాళ్లు అయిన కాలువ నూటికి తొంభై పాళ్లు నీళ్లివ్వదు, సున్నా ఇస్తది. మా ఊరి కాలువే సాక్ష్యం. వాగు మీద ఒక్క అక్విడక్టు లేక మొత్తం దండగ. చివరి పది పాళ్లలోనే ఫలితమంతా ఉంటది. ఆ పది పాళ్లే అన్నిటికన్నా కష్టం: వంతెనలు, సొరంగాలు, తూములు, పిల్ల కాలువలు, కోర్టులో ఉన్న భూములు, ఊళ్లు ఖాళీ చేయించి వాళ్లకు ఇళ్లివ్వడం.

మూడు. కాంట్రాక్టరుకి మట్టి పని తేలిక, బిల్లు తొందరగా వస్తది. జలయజ్ఞంలో ఈపీసీ పద్ధతి పెట్టారు. సర్వే, డిజైను, కట్టడం అన్నీ కాంట్రాక్టరువే. చాలా చోట్ల ముందు కాలువలు తవ్వేశారు. నీళ్లు పట్టే చోట కట్టాల్సింది వెనకబడింది. పోలవరమే చూడండి. 1940లలోనే రామపాదసాగర్ పేరుతో ఆలోచన చేశారు. జలయజ్ఞం రోజుల్లో కుడి, ఎడమ కాలువలు ముందు తవ్వారు. డ్యామ్ లేదు. నీళ్లు లేని కాలువలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. 2015-16లో పట్టిసీమ ఎత్తిపోతల కట్టి, ఆ కుడి కాలువలోకే గోదావరి నీళ్లు ఎత్తి కృష్ణకు పంపారు. తవ్విన కాలువకు నీళ్లొచ్చాయి సరే. కానీ డ్యామ్ కోసం తవ్విన కాలువకు వేరే మోటార్లు పెట్టి ప్రాణం పోయాల్సి వచ్చింది.

నాలుగు. డబ్బు పంచినా మనుషుల్ని పంచలేం. భూసేకరణ చేసే డిప్యూటీ కలెక్టర్లు, సర్వేయర్లు, డిజైన్లు చూసే పెద్ద ఇంజనీర్లు, అడవి అనుమతులు రాసే ఆఫీసు, వీళ్లు ఎంతమంది? 86 ప్రాజెక్టుల ఫైళ్లూ ఆ కొద్దిమంది బల్లల మీదికే పోవాలి. ప్రతి ఫైలూ అర్జెంటే. అన్నీ అర్జెంటైతే ఏదీ అర్జెంటు కాదు. ఎవడు గట్టిగా అరిస్తే వాడి ఫైలు కదులుతది. నాలుగు చేలల్లో ఒకే రోజు కలుపుకి ఒప్పుకున్న మేస్త్రి సంగతి మనకు తెలియంది కాదు. ప్రతి చేలోనూ ఇద్దరిని దించి, తను బండి మీద తిరుగుతుంటాడు. సాయంత్రానికి ఏ చేనూ కాదు.

అయిదు. ఆలస్యం ఊరికే ఉండదు, వడ్డీ తింటది. రేట్లు పెరుగుతాయి, అంచనాలు సవరిస్తారు, సవరించిన అంచనాకు మళ్లీ డబ్బు చాలదు, మళ్లీ ఆలస్యం. మొదట తవ్విన గట్లు వానలకు కోసుకుపోతాయి, వాటిని మళ్లీ పోయాలి. పాత పని బాగు చేయడానికే కొత్త డబ్బు పోతది.

వెలిగొండ చూడండి. మార్కాపురం నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. శ్రీశైలం నీళ్లు నల్లమల కొండ కింద నుంచి రెండు సొరంగాల్లో తెచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు తడపాలి. 1996లో శంకుస్థాపన. 2004లో మళ్లీ మొదలు. ఒక్కో సొరంగం 18.8 కిలోమీటర్లు. మొదటిది 2021కి, రెండోది 2024 జనవరికి తవ్వడం అయింది. ఆ మార్చిలో జాతికి అంకితం అన్నారు. కానీ మునిగే ఊళ్ల వాళ్లకు పునరావాసం, కాలువల పనులు అప్పటికీ మిగిలే ఉన్నాయి. సొరంగం తవ్వడం కష్టమే, రాయి మన మాట వినదు, మిషన్లు చెడతాయి. కానీ 1996లో పుట్టిన పిల్లకాయకి పెళ్లై పిల్లలు కూడా పుట్టి ఉంటారు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన ఊళ్లకు ఈ ఆలస్యం అంటే ఏందో అంకెల్లో చెప్పలేం.

ఇక్కడ ఎవరన్నా అడగొచ్చు. అయితే ఒక్కదాని మీదే అంతా పెడితే అన్నీ బాగుంటాయా అని. దానికీ చరిత్రలో జవాబుంది. తెలంగాణలో కాళేశ్వరం 2016లో మొదలుపెట్టి 2019 జూన్‌లో ప్రారంభించారు. మూడేళ్లు. డబ్బు, మనుషులు, ఫైళ్లు అన్నీ దాని మీద పెట్టారు. అంత వేగం మన తరంలో చూడలేదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాయి. మరోపక్క 2015లోనే శంకుస్థాపన చేసిన పాలమూరు-రంగారెడ్డిలో మొదటి మోటారు తిరిగింది 2023 సెప్టెంబరులో. కాబట్టి ఒక్కదాని మీద దృష్టి పెట్టడం అంటే పరుగెత్తడం కాదు. ఏది ముందో సరిగ్గా ఎంచుకోవాలి, ఎంచుకున్నదాన్ని నిదానంగా, గట్టిగా, పరీక్ష చేసుకుంటూ ముగించాలి. వరస తప్పితే ఒక నష్టం, నాణ్యత తప్పితే ఇంకో నష్టం.

2016లో కేంద్రానికి కూడా ఈ బుద్ధి కొంత వచ్చింది. ఆ మిగిలిన 149లోంచి 99 ఎంచారు. వాటినీ మూడు వరసలు చేశారు. ముందు 23, తర్వాత 31, తర్వాత 45. అన్నీ 2019 డిసెంబరుకి అవ్వాలన్నారు. మన తోటపల్లి, తారకరామ తీర్థసాగరం, తెలంగాణ దేవాదుల లాంటివి అందులో ఉన్నాయి. గడువుకి సగం కూడా కాలేదు. వరస పెట్టడం మంచిదే. కానీ ఇరవై, ముప్పై ఏళ్లు పేరుకున్న చిక్కు మూడేళ్లలో విడిపోదు. చిక్కు పడ్డాక విడదీయడం కంటే పడకుండా చూసుకోవడమే తేలిక.

మరి ఇంత తెలిసీ ప్రతి ప్రభుత్వమూ ఎందుకు కొత్తవి మొదలుపెడుతుంది? ఆలోచిస్తే తప్పు వాళ్లది ఒక్కళ్లదే కాదు, మనదీ ఉంది. మొదలుపెట్టినవాడికి దండలు వేస్తాం, శిలాఫలకం మీద పేరుంటది. మిగిలిన అక్విడక్టు కట్టినవాడికి పేరు లేదు. పక్క నియోజకవర్గానికి ఇచ్చి మనకు ఇవ్వకపోతే రోడ్డెక్కుతాం. "మీది నాలుగో ఏడాది, ముందు వాళ్లది ముగిద్దాం" అన్న నాయకుడిని మనం ఓడిస్తాం. అందుకే అందరికీ తలా ఒక తట్ట మట్టి తవ్విస్తారు. తెల్లోడికి శిస్తు ముగింపులో ఉంది. మనోళ్లకు ఓటు మొదలులో ఉంది. తేడా అంతే.

ఇప్పుడు మళ్లీ మన సంఘం దగ్గరికి వస్తా.

ఇంట్లో సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మా నాయన ఒకే ఏడు రెండూ చూశాడు, పైగా బోరు కూడా వేయించాడు. అక్క పెళ్లయింది. ఇంటికి ఎనిమిదేళ్లు ప్లాస్టరింగు లేదు. బోరులో నీళ్లు పడ్డాయి గానీ మోటారుకి డబ్బుల్లేక రెండు పంటలు పోయాయి. బోరు వేసి, మోటారు పెట్టి, ఆ మిరప డబ్బులతో ఇల్లు మొదలుపెట్టి ఉంటే ఎట్లా ఉండేదో అని మా అమ్మ ఇప్పటికీ అంటది. ఆయన సోమరి కాదు. మాలో ఆయనంత కష్టపడినోడు లేడు. కష్టం తక్కువై కాదు, కష్టం ముక్కలై పోయింది.

ఆదివారం నేను మీటింగులో చెప్పబోయేది ఇది. ముందే రాస్తున్నా, మీరూ ఆలోచించుకుని రండి.

మొదట గోడౌను ముగిద్దాం. స్లాబు దాకా ఉంది, మన డబ్బు అందులో చచ్చి పడి ఉంది. తలుపులు, గచ్చు, కరెంటు అయితే ఈ కందులే అందులో పెట్టుకోవచ్చు, కళ్లంలోనే దళారికి అమ్ముకునే అవసరం ఉండదు. అది అయ్యేదాకా కొత్త పని మీద రూపాయి పెట్టొద్దు.

రెండోది, ఏ సమయంలోనైనా రెండు పనులకు మించి చేతిలో ఉండకూడదని తీర్మానం రాసుకుందాం. ఒకటి ముగిసి, నడిచి, లెక్క తేలాకే మూడోది.

మూడోది, మిగిలిన అయిదూ కొట్టేయొద్దు. వరస రాసి గోడ మీద అంటిద్దాం. పాల కేంద్రం అడిగిన అక్కలకు, డ్రోను అడిగిన కుర్రోళ్లకు తమ వంతు ఎప్పుడో తెలియాలి. వంతు తెలిస్తే మనిషి ఆగగలడు. తెలియకపోతేనే అరుస్తాడు. చెరువు కింద వంతుల ప్రకారం నీళ్లు కట్టుకున్న తాతల మనవళ్లం మనం. అందరూ ఒకేసారి మడవ తీస్తే పై చేనూ తడవదు, కింది చేనూ తడవదని వాళ్లకు తెలుసు. మనకు ఆ బుద్ధి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

నాలుగోది, నా సొంత మాట. మిరప కళ్లం కావాలని అడిగింది నేనే. అజెండాలో నాలుగోది అది. దాన్ని వరసలో ఆఖరున వేయమని నేనే చెప్తా. ఒకళ్లు వెనక్కి తగ్గకపోతే ఎవరూ తగ్గరు.

నా లెక్క తప్పైతే మీటింగులో నిలబెట్టి అడగండి, వింటాను. కానీ ఆదివారం అందరూ రండి. పోయినసారి నలభై మందే వచ్చాం. గోడౌను తలుపుల కొటేషన్లు రెండు తెచ్చి పెట్టాను, అవి కూడా చూద్దాం.

మీ ఊరి సంఘాల్లో ఇట్లాంటిది జరిగి ఉంటే, ముగించినదైనా ఆగిపోయినదైనా, కింద రాయండి. మావోళ్లకు చదివి వినిపిస్తా.

ఉంటాను. శనగకు తడి పెట్టాలి, కరెంటు వచ్చే టైమైంది.